రాకడ దగ్గరపడిందని తోట వదిలేసిన సోదరుడు: ఉద్దానం నుంచి ఒక కేస్ స్టడీ

ఈ కేసు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని ఒక బాప్టిస్టు కుటుంబానిది. నేను అదే ప్రాంతంలో సంఘ కాపరిగా పనిచేస్తున్నాను. క్రీస్తు రెండవ రాకడ మీది నిరీక్షణ ఒక మనిషిని చేతిలోని పని నుంచి ఎలా తప్పించింది, ఆ నిరీక్షణకు దెబ్బ తగలకుండానే అతను తిరిగి పనిలోకి ఎలా వచ్చాడు అన్నది తోటి కాపరులకూ సంఘ పెద్దలకూ ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో, ఆ కుటుంబం అనుమతి తీసుకుని రాస్తున్నాను. మనుషులను గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను, ఊరి పేరు చెప్పడం లేదు.

పరిస్థితి

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస పరిసరాల్లో తీరం దాటినప్పుడు ఉద్దానంలో తాతల నాటి కొబ్బరి, జీడి తోటలు ఒక్క పూటలో నేలకూలాయి. అంతకు అయిదేళ్ల ముందు పైలిన్ తుపానుకు తట్టుకున్న చెట్లు కూడా ఈసారి నిలబడలేదు. మన సోదరుడికి రెండెకరాల కొబ్బరి తోట, గట్ల మీద జీడి చెట్లు ఉండేవి. నూట పాతిక కొబ్బరి చెట్లలో గాలి వెలిసేసరికి మిగిలినవి పదకొండు. అప్పటికి అతనికి యాభై దగ్గరపడుతోంది. భార్య, ఇంటర్ చదువుతున్న కూతురు, ఐటీఐలో చేరిన కొడుకు ఉన్నారు. అతని తండ్రి కాలం నుంచి ఆ ఇంటివారు మా సంఘ సభ్యులు.

ఈ ప్రాంతంలో దశాబ్దాలుగా పాతుకుపోయిన, కారణం ఇదీ అని ఇంకా తేలని కిడ్నీ జబ్బు ఆ ఇంటినీ వదల్లేదు. తుపానుకు కొన్ని నెలల ముందే అతని అన్నగారు డయాలసిస్ మీద ఉండగా చనిపోయారు. మన సోదరుడి భార్యకు కూడా రక్తపరీక్షల్లో క్రియాటినిన్ (కిడ్నీలు సరిగా పనిచేయనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం) పెరుగుతున్నట్టు వస్తోంది. ఈ రెండు విషయాలూ మొదట ఎవరూ నాకు చెప్పలేదు. కేసు మొత్తానికి మూలం అక్కడే ఉందని తర్వాత అర్థమైంది కాబట్టి ముందుగానే రాస్తున్నాను.

తుపాను తర్వాతి సంవత్సరం అతని భార్య ముందు మా ఇంట్లో అమ్మగారి (నా భార్య) దగ్గరికి వచ్చింది, ఆ తర్వాత నా దగ్గరికి. "అయ్యగారూ, నర్సరీ మొక్కలు తెచ్చి పెరట్లో పెట్టాడు, గొయ్యి తవ్వడు. గుంటకి (కూతురికి) కాలేజీ ఫీజు కట్టమంటే ప్రభువొచ్చీ రోజుల్లో సదువేటంటాడు. డ్వాక్రా వాయిదా రెండు నెలలు తప్పిపోనాది. ఏటి సెయ్యమంటారు?" అని అడిగింది. తోటను అమ్మేసి ఆ డబ్బు సువార్త గుడారానికి ఇవ్వాలన్న ఆలోచన కూడా అతనికి ఉందని, కొడుకు దానికి ఎదురు తిరిగాడని చెప్పింది. తన మందుల మాట మాత్రం ఎత్తలేదు.

నేను తోటకు వెళ్లాను. పడిపోయిన మొద్దుల్ని తొలగించి నేల శుభ్రం చేసి ఉంచాడు, బద్ధకస్తుడి తోట కాదది. మొక్కలు పెరట్లో జామచెట్టు నీడలో వరసగా ఉన్నాయి, రోజూ నీళ్లు పోస్తున్నాడు, కానీ పొలంలోకి తీసుకెళ్లడం లేదు. ఎందుకని అడిగితే అతను చెప్పిన జవాబు ఇది: "ఇప్పుడు నాటితే కాపు ఏడేళ్లకి వస్తాది అయ్యగారూ. అన్నేళ్లు ఇక్కడ ఎవులుంటారు?"

ఆ లెక్క ఎక్కడిది

పొడవు రకం కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పట్టడం ఉద్దానంలో పిల్లలకు కూడా తెలుసు. అయితే అతని మాటలోని ఏడేళ్లకు ఇంకో మూలం కూడా ఉంది. బయటి నుంచి వచ్చిన ఒక బోధకుడు పక్క ఊళ్లో రాత్రి కూటాలు పెట్టి, గోడకు గుడ్డ పటం తగిలించి, సంఘం ఎత్తబడటం (విశ్వాసులను ప్రభువు ఆకాశానికి తీసుకుపోవడం), ఆ తర్వాత ఏడేళ్ల మహా శ్రమలు, క్రీస్తు విరోధి అయిన అంత్యక్రీస్తు, క్రీస్తు వెయ్యేళ్ల పరిపాలన అన్నీ గీతలు గీసి వరస తప్పకుండా చూపించాడు. ఆ తర్వాత మిగతా బోధ అంతా ఫోనులో వీడియోలుగా వచ్చింది.

ఆ పటంలోని వరస 19వ శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ అనే బైబిలు బోధకుడి ద్వారా బాగా ప్రచారంలోకి వచ్చింది. దాన్ని మనస్ఫూర్తిగా నమ్మే భక్తులు మా సంఘంలోనూ ఉన్నారు, వారి విశ్వాసాన్ని నేను తేలిగ్గా చూడను. నన్ను కలవరపెట్టింది దాని మీద కట్టిన సంవత్సరాల లెక్క. 1948లో ఇశ్రాయేలు దేశం ఏర్పడింది, "ఇవన్నియు జరుగువరకు ఈ తరము గతింపదు" అని ప్రభువు చెప్పాడు, తరం అంటే నలభై ఏళ్లు, కాబట్టి 1988 అని ఒకప్పుడు కొందరు ప్రకటించారు. ఆ సంవత్సరం గడిచాక, 90వ కీర్తనలో మనిషి ఆయుష్షు డెబ్బది సంవత్సరములు అని ఉంది గనుక తరం అంటే డెబ్బై అన్నారు. 1948కి డెబ్బై కలిపితే 2018. సరిగ్గా ఆ సంవత్సరం అక్టోబరులో తన తోట కళ్ల ముందు కూలిపోయిన మనిషికి ఈ లెక్క ఎంత బలంగా తగిలి ఉంటుందో ఆలోచించాలి. అతనికి అది ఎవరో ఒడ్డున కూర్చుని చెప్పిన జోస్యంలా వినిపించలేదు, తన ఇంటి మీదుగా నడిచివెళ్లిన ప్రవచనంలా వినిపించింది.

ఇలాంటి లెక్కలు తప్పిన చరిత్ర చాలా పెద్దది. అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడి అనుచరులు 1844 అక్టోబరు 22 కోసం ఎదురుచూశారు, వారిలో కొందరు రైతులు పంట తీయకుండా పొలంలోనే వదిలేశారు. దక్షిణ కొరియాలో 1992 అక్టోబరు 28 అని నమ్మి ఉద్యోగాలు మానినవారు, ఆస్తులు ఇచ్చేసినవారు ఉన్నారు. ఆ ఉద్యమ నాయకుడు మాత్రం ఆ తేదీ దాటాక డబ్బు చేతికొచ్చే బాండ్లు కొని పెట్టుకున్నాడని విచారణలో తేలింది. 2011 మే 21 అన్న అమెరికా రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ ఆ రోజు గడిచాక అక్టోబరు 21కి మార్చాడు. ఈ ఉదాహరణలన్నీ నా దగ్గర ఉన్నాయి. అయినా మొదటి నెలల్లో ఒక్కటీ అతనికి చెప్పలేదు. తప్పిన తేదీల జాబితా చదివితే ఎదుటి మనిషి తన లెక్క వేరని వాదించడానికి సిద్ధమవుతాడు, లేకపోతే రాకడనే ఎగతాళి చేస్తున్నారని నొచ్చుకుంటాడు. "ఆయన రాకడనుగూర్చిన వాగ్దానమేమాయెను?" అని అపహాసకులు అంటారని పేతురు రెండవ పత్రికలో రాసి ఉంది, కాపరి ఆ పక్కన నిలబడినట్టు కనిపించకూడదు.

నాకు కనిపించినది

ఇలాంటి కేసులో ముందుగా తేల్చుకోవాల్సింది ఇది విశ్వాసానికి సంబంధించిన చిక్కా, వైద్యం కావలసిన జబ్బా అన్నది. నిద్ర, తిండి ఎలా ఉన్నాయని అడిగాను. తనకు మాత్రమే దేవుడు తేదీ చెప్పాడంటున్నాడా, ఎవరూ లేనప్పుడు మాటలు వినిపిస్తున్నాయా, చనిపోవాలనిపిస్తోందా అని భార్య ఎదురుగానే నెమ్మదిగా అడిగాను. ఇవేవీ లేవు. నిద్ర తక్కువైంది, తిండి తగ్గింది, అన్నగారి పేరెత్తితే లేచి బయటికి వెళ్లిపోతున్నాడు. నెల రోజుల్లో ఇది ముదిరితే శ్రీకాకుళంలో మానసిక వైద్యుడి దగ్గరికి నేనే తీసుకెళ్తానని ఇద్దరితో ఒప్పందం చేసుకున్నాను. అంత అవసరం రాలేదు. అయితే ఆ అవసరం ఉన్న చోట ప్రార్థన ఒక్కటే చాలని ఆపేయడం ఏ కాపరికీ తగదు.

రెండవది, అతని మాటల్లో రాకడ గురించిన సంతోషం ఎక్కడా లేదు. ప్రభువును చూస్తానన్న ఆనందం కన్నా ఇక ఆసుపత్రి మెట్లు ఎక్కనక్కర్లేదన్న విశ్రాంతి ఎక్కువగా వినిపించింది. ఒకరోజు సాయంత్రం అతనే బయటపెట్టాడు: "అన్నయ్యని వారానికి రెండుసార్లు బండి మీద కూకోబెట్టి తీసుకెళ్లీవోణ్ణి. ఇప్పుడు దీనికీ అదే అయితే నా వల్ల కాదు అయ్యగారూ. ప్రభువు ముందే వచ్చేస్తే బాగుణ్ణు." అప్పుడు నాకు కేసు అర్థమైంది. తోటను ఆపింది లెక్క ఒక్కటే కాదు. ఏడేళ్లంటే అతని కళ్లకు కనిపిస్తున్నది ఏడేళ్ల డయాలసిస్. మొక్క నాటితే ఆ ఏడేళ్లకు తాను ఒప్పుకున్నట్టే అవుతుంది.

మూడవది సంఘానికి సంబంధించింది. మా పాత మిషను సంఘాల్లో అంత్యదినాల గురించి వరసగా బోధించడం తక్కువ. అంత్యక్రియల్లో థెస్సలొనీకయుల పత్రిక చదువుతాం, క్రిస్మస్‌కు ముందు ఒక ఆదివారం ప్రస్తావిస్తాం, బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథాన్ని చాలా మంది ముట్టరు. మనం ఖాళీగా వదిలేసిన చోట గుడ్డ పటం వేలాడుతుంది. విశ్వాసికి ఆ ప్రశ్న సహజంగా వస్తుంది, జవాబు బల్ల మీద పెట్టాల్సిన బాధ్యత సంఘానిది.

ఏం చేశాం

మొదట డబ్బు సంగతికి ఒక కట్ట వేశాం. భూమి అమ్మకం మీద భార్య, పెద్దపిల్లలు ఇద్దరూ, సంఘ పెద్దలు కూర్చుని ఒప్పుకునే వరకు సంతకం పెట్టకూడదని అతని చేత మాట తీసుకున్నాను. ఏ బోధ అయినా పత్రాల మీద తొందర పెడుతోందంటే అక్కడ ఆగాలి. యిర్మీయా కథ అప్పుడే చదివాం: బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉండగా, ప్రవక్త స్వయంగా చెరసాలలో ఉండగా, పట్టణం కూలిపోతుందని తానే ప్రకటిస్తూ ఉండగా, అనాతోతులోని పొలాన్ని పదియేడు తులముల వెండి తూచి కొన్నాడు, పత్రాలు మంటికుండలో దాచమన్నాడు. అంతం రాబోతోందని అందరికన్నా గట్టిగా చెప్పిన మనిషే ఆ పొలం కొన్నాడన్న విషయం దగ్గర ఆ సోదరుడు చాలాసేపు మౌనంగా ఉన్నాడు.

తర్వాత థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికను ముక్కలుగా కాకుండా ఒకే బైఠకులో మొదటి నుంచి చివరి వరకు చదివాం. భార్యాభర్తలిద్దరూ, ఒక పెద్దాయన, నేను. ఎత్తబడటం గురించి అందరూ చెప్పే వచనాలు నాలుగవ అధ్యాయం చివర ఉన్నాయి. వాటికి ముందే అదే అధ్యాయంలో "మీ చేతులతో పనిచేయుట" అన్న మాట ఉంది. ఆ వెంటనే "నిద్రించుచున్న వారినిగూర్చి" అని మొదలవుతుంది. ఆ పత్రిక అందుకున్న థెస్సలొనీక సంఘంలో కొందరు చనిపోయారు, రాకడ నాటికి వాళ్లు వెనకబడిపోతారేమోనని మిగిలినవాళ్లు దుఃఖపడుతున్నారు. పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు ఆ వచనాలు రాసింది దుఃఖంలో ఉన్న ఇళ్లకు. చివర "ఈ మాటలచేత ఒకనినొకడు ఆదరించుకొనుడి" అన్నాడు. ఈ చోట అతను మొదటిసారి అన్నగారి గురించి మాట్లాడాడు, ఏడ్చాడు. ఆ రోజు ఇంక ముందుకు వెళ్లలేదు, వెళ్లకూడదు కూడా.

రెండవ పత్రిక మరో వారం చదివాం. ప్రభువు దినం వచ్చేసిందని చెదిరిపోవద్దని రెండవ అధ్యాయంలో రాసిన పౌలే, మూడవ అధ్యాయంలో "ఎవడైనను పని చేయనొల్లని యెడల వాడు భోజనము చేయకూడదు" అన్నాడు. ఆ వచనం సోమరిపోతులకని అందరం అనుకుంటాం. ఈ సోదరుడు సోమరి కాదు గనుక దాన్ని అతని మీద విసరలేదు. రాకడ గురించి అలజడి, పని మానడం ఆ సంఘంలో పక్కపక్కనే కనిపించాయని మాత్రం చూపించి వదిలాను.

అన్నిటికన్నా ఎక్కువ పని చేసింది 90వ కీర్తన. అతనికి పదవ వచనం కంఠతా వచ్చు, ఎందుకంటే తరం డెబ్బై ఏళ్లన్న లెక్క దాని మీదే నిలబడింది. మిగతా కీర్తన కూడా చదవమన్నాను. రెండు వచనాల తర్వాత "మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము" అని వస్తుంది, అక్కడ లెక్కించేది మన దినాలను, ప్రభువు దినాన్ని కాదు. కీర్తన ముగిసేది మోషే చేసిన ఈ ప్రార్థనతో: "మా చేతిపనిని మాకు స్థిరపరచుము, మా చేతిపనిని స్థిరపరచుము." మనుషులు గడ్డిలా వాడిపోతారని, వెయ్యేళ్లు దేవుని దృష్టికి నిన్నటి దినంలాంటివని చెప్పిన ఆ కీర్తనే చేతిపని నిలబడాలని రెండుసార్లు అడుగుతుంది. అతను దాన్ని మళ్లీ చదివి, "ఆ వీడియోలో ఇక్కడి దాకా రాలేదు" అన్నాడు.

మాతో కూర్చున్న పెద్దాయన పాత్ర గురించి చెప్పాలి. ఆయన ఎక్కువ మాట్లాడలేదు. పొలం సంగతి తెలిసిన విశ్వాసి, తన తోట కూడా పోగొట్టుకున్నవాడు, పక్కన ఉండటమే అవసరమైంది. మొక్కలు నాటే మాట వచ్చినప్పుడు సోదరుడు మధ్యేమార్గంగా, "పొట్టి రకం అయితే మూడు నాలుగేళ్లకే కాస్తాది, అవి వేస్తాను" అన్నాడు. అంటే ప్రభువుకు మూడు నాలుగేళ్ల గడువు ఇచ్చాడన్నమాట! పెద్దాయన వాదించలేదు. "పొట్టి రకం ఆయుష్షు తక్కువరా తమ్ముడూ, నీ మనవలకి నిలవదు. సగం అవి వెయ్, సగం ఇవి వెయ్" అన్నాడు. మొదటి రోజు అందరం తోటకు వెళ్లాం. ఇరవై అయిదు అడుగుల దూరంలో తాడు పట్టుకుని గుర్తులు పెట్టి, మూడడుగుల గొయ్యిలు తవ్వి, అడుగున ఇసక, ఉప్పు, పశువుల గెత్తం వేసి నాటాం. వరసల మధ్య అరటి, కంద వేస్తే ఏడాదిలోగా చేతికి కాస్త డబ్బు వస్తుందని ఆయనే చెప్పి చేయించాడు. ఎదురుచూడటంలో ఈ ఏడాది ఇల్లు గడిచే సంగతి కూడా ఉండాలి.

భార్య వైద్యం విషయంలో "తన యింటివారికి తగినవేళ అన్నము పెట్టుటకు" యజమాని నియమించిన దాసుడి ఉపమానం చదివాం. రాకడ గురించి ప్రభువే చెప్పిన మత్తయి 24వ అధ్యాయంలోనే అది ఉంది. యజమాని వచ్చినప్పుడు ఆ దాసుడు ఏ పనిలో ఉంటే ధన్యుడయ్యాడు అని అడిగాను. ఇంటివాళ్లకు అన్నం పెట్టే పనిలో, అని కూతురు చెప్పింది. ఆ నెల నుంచి రక్తపరీక్షకు భార్యను అతనే తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. బండి మీద కూర్చోబెట్టుకుని వెళ్లడం అతనికి ఎంత బరువో నాకు తెలుసు గనుక మొదటి కొన్నిసార్లు సంఘంలోని ఒక యువకుణ్ణి తోడు పంపాను.

మా ప్రాంతంలో చెప్పుకోవలసిన సాక్ష్యం ఇంకొకటి ఉంది. ప్రభువు త్వరగా వస్తాడని పాడుతూ, ప్రకటిస్తూ ఇక్కడికి వచ్చిన కెనడియన్ బాప్టిస్టు మిషనరీలే సోంపేటలో ఆసుపత్రి నడిపారు. అక్కడి ఆరోగ్యవరంలో డాక్టర్ బెన్ గలిసన్ చేసిన కంటి వైద్యమే 1963లో కెనడాలో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పుట్టడానికి కారణమైంది. రాకడ దగ్గరుంది కదా, శుక్లాలు తీయడం ఎందుకు అని వాళ్లు అనుకుని ఉంటే ఎందరో పెద్దవాళ్లు గుడ్డివాళ్లుగానే పోయేవారు. ఇది చెప్పినప్పుడు సోదరుడికి పటంలోని వరస కూడా తప్పని ఒప్పుకోవలసిన అవసరం రాలేదు. ఆ మిషనరీల్లో కొందరు అదే వరసను నమ్మి ఉండవచ్చు కూడా.

మళ్లీ వచ్చిన అలజడి, ప్రస్తుత స్థితి

2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే ఫోనులో మళ్లీ తెగుళ్ల లెక్కలు మొదలయ్యాయి. 2021లో కోవిడ్ టీకా వచ్చినప్పుడు అదే ప్రకటన గ్రంథంలో చెప్పిన మృగం ముద్ర, 666 అన్న మాట ఊళ్లన్నిటా తిరిగింది. అంతకుముందు ఆధార్ గురించి కూడా ఇదే మాట విన్నాం. కిడ్నీ జబ్బు ఉన్న భార్యకు టీకా ఎంతో అవసరం కాబట్టి ఈసారి నెమ్మదిగా సాగే వీలు లేకపోయింది. ప్రకటన 13వ అధ్యాయం చేతిలో పెట్టి సూటిగా మాట్లాడాను: అక్కడ ముద్ర మృగానికి నమస్కారం చేయడంతో ముడిపడి ఉంది, తెలియకుండా సూదిలో ఎక్కేది కాదు, ప్రభువును కాదని మరొకరికి లొంగడం అది. నేను, అమ్మగారు ముందు వేయించుకున్నాం. తర్వాత వాళ్లిద్దరూ కలిసి వెళ్లారు. సూటిగా మాట్లాడగలగడానికి అంతకుముందు ఏడాది పెంచుకున్న నమ్మకమే ఆధారం.

కూతురు నర్సింగ్ పూర్తి చేసి ఉద్యోగంలో ఉంది. ఫీజు కోసం తోట అమ్మలేదు, జీడిగింజల డబ్బుకు సంఘ సహాయం తోడైంది. పొట్టి రకం చెట్లు కాస్తున్నాయి, పొడవు రకంలో కొన్నిటికి పూత వచ్చింది. భార్యకు జబ్బు నయం కాలేదు, మందుల మీద ఉంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైన తర్వాత దూర ప్రయాణాలు తగ్గాయి. సోదరుడు రాకడ ఈ తరంలోనే ఉంటుందని ఇప్పటికీ నమ్ముతాడు. నేను దాన్ని మార్చడానికి ప్రయత్నించలేదు. "వాటిని తెలిసికొనుట మీ పని కాదు" అని అపొస్తలుల కార్యములలో ప్రభువు చెప్పిన మాటకు ఇద్దరం లోబడ్డాం, సంవత్సరాల గురించి మాట్లాడుకోవడం మానేశాం. ప్రతి నెలా ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) దగ్గర "ప్రభువు వచ్చువరకు" అని చదివినప్పుడు అతను గట్టిగా ఆమెన్ అంటాడు.

కొడుకు విషయం మాత్రం అలా తేలలేదు. తండ్రి తోట అమ్ముతానన్న రోజుల్లో మొదలైన కోపంతో అతను ఆరాధనకు రావడం మానేశాడు, ఇప్పుడు హైదరాబాదులో పని చేసుకుంటున్నాడు. రాకడ అన్న మాట వింటేనే చిరాకు పడతాడు. పండగకు వచ్చినప్పుడు మా ఇంటికి వచ్చి కూర్చుంటాడు, తుపాను తర్వాత ఇంట్లో ఏం జరిగిందో కొంచెం కొంచెం చెబుతున్నాడు.

అదే కూటాలకు వెళ్లిన మరో రెండు కుటుంబాలు మా సంఘం విడిచిపెట్టాయి. ఒక కుటుంబం ఇంటి స్థలం అమ్మి డబ్బు ఇచ్చేసి, ఇప్పుడు అద్దె ఇంట్లో ఉంటోంది. ఆ ఇంట్లో పెద్దావిడకు డయాలసిస్ మొదలైంది. వాళ్లు నాతో మాట్లాడటానికి ఇంకా ఇష్టపడటం లేదు. ఈ సోదరుడు మాత్రం ఆమెను వారానికి ఒకసారి బండి మీద పలాస తీసుకెళ్తున్నాడు. తారీఖుల సంగతి తాను ఎత్తనని, వాళ్లంతట వాళ్లు అడిగితే మాత్రం 90వ కీర్తన చివరి దాకా చదివి వినిపిస్తానని నాతో అన్నాడు.